జేన్ ఆస్టిన్ నవలలు తీరిక వేళల్లో సరదాకి రాసినవేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎం.ఏ. గైడులో జేన్ ఆస్టిన్ జీవితం నాలుగు వాక్యాల్లో అయిపోయింది. పల్లెటూరి పాస్టరు కూతురు, పెళ్ళి చేసుకోలేదు, ఇంటి పట్టున ఉండి తీరిక దొరికినప్పుడు ఆరు నవలలు రాసింది, 41 ఏళ్ళకే పోయింది. ఆవిడకు కెరీర్ అనదగ్గది అసలు ఉందా, ఉంటే ఆ నవలలన్నీ పెళ్ళి సంబంధాల చుట్టూనే ఎందుకు తిరుగుతాయి అని అడిగారు.

డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు సాహిత్యం చెప్పాను. అందులో సగం ఏళ్ళు నేనూ క్లాసులో ఆ నాలుగు వాక్యాలే చెప్పాను. ఆ తర్వాత ఆవిడ ఉత్తరాలు చేతికొచ్చాయి. అక్క కెసాండ్రాకూ, అన్నలకూ, మేనకోడళ్ళకూ రాసిన ఉత్తరాల్లో మిగిలినవి సుమారు 160. చాలా ఉత్తరాల్ని ముసలితనంలో కెసాండ్రా స్వయంగా కాల్చేసింది. మిగిలినవి చదివితే మాత్రం ఒక్క విషయంలో అనుమానం ఉండదు. ఆవిడ రాతను పనిగా చూసింది. ఏ పుస్తకానికి ఎన్ని పౌండ్లు వచ్చాయో, ఎన్ని రావాల్సిందో, ఏ ప్రచురణకర్త ఎలాంటివాడో ఆవిడకు కంఠతా తెలుసు. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందని నా అభిప్రాయం. అది డబ్బు.

మరి ఈ తీరిక వేళల బొమ్మ ఎక్కడిది? ఇంట్లోవాళ్ళు గీసిందే. ఆవిడ పోయిన ఏడాదే, 1817 డిసెంబరులో, చివరి రెండు నవలలు అచ్చయినప్పుడు అన్న హెన్రీ ముందు ఒక పరిచయం రాశాడు. మొదట్లో ఆవిడ రాతకు కీర్తి మీద ఆశ గానీ, డబ్బు మీద ఆశ గానీ కారణం కాదని అందులో చెప్పాడు. 1869 చివర్లో మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టిన్-లీ జీవిత చరిత్ర తెచ్చాడు. అందులో మేనత్త మహా సాధ్వి, కుట్టుపని చేసుకుంటూ పిల్లలకు కథలు చెప్పే మనిషి. విక్టోరియా కాలపు పెద్దింటి వాళ్ళకు తమ ఇంటి ఆడమనిషి డబ్బు కోసం రాసిందని చెప్పుకోవడం నామోషీ. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ మర్యాద కింద ఆవిడ పడ్డ కష్టం పూడిపోయింది.

ఇక మొదటి నుంచి చెబుతాను.

1775 డిసెంబరు 16న హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి జార్జ్ ఆస్టిన్ అక్కడి చర్చి పాస్టరు. ఎనిమిది మంది సంతానంలో ఈవిడ ఏడోది. ఆరుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. చర్చి రాబడి చాలక తండ్రి పొలం చేయించేవాడు, ఇంట్లోనే మగపిల్లలకు చిన్న బోర్డింగ్ స్కూలు నడిపేవాడు. అంటే జేన్ పెరిగింది ఒక రకంగా హాస్టల్లో. మూడో అన్న ఎడ్వర్డ్‌ను నైట్ అనే పిల్లల్లేని సంపన్న బంధువులు దత్తత తీసుకున్నారు. కెంట్‌లో గాడ్‌మర్‌షమ్, హాంప్‌షైర్‌లో చాటన్ ఎస్టేట్లు అతనికి వచ్చాయి. ఫ్రాన్సిస్, చార్లెస్ నౌకాదళంలో చేరారు. ఒకే కడుపున పుట్టినవాళ్ళలో ఒకడు జమీందారు, ఇద్దరు చెల్లెళ్ళకు చేతి ఖర్చుకు కూడా ఎవరో ఒకరు ఇవ్వాలి. ఆవిడ నవలలకు ముడిసరుకు ఇంట్లోనే ఉంది.

మన దేశంతో ఉన్న సంబంధం కూడా ఇక్కడే చెప్పాలి. మేనత్త ఫిలడెల్ఫియా తల్లీ తండ్రీ లేని పిల్ల, కట్నం లేదు. 1752లో మొగుణ్ణి వెతుక్కుంటూ ఓడెక్కి మద్రాసు వచ్చింది. ఇంగ్లండులో సంబంధం కుదరని అమ్మాయిల్ని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులున్న చోటికి అలా పంపేవాళ్ళు. మరుసటి ఏడాది కడలూరులో టైసో సాల్ హాంకాక్ అనే కంపెనీ సర్జన్‌ను పెళ్ళాడింది. వాళ్ళ కూతురు ఎలైజా 1761లో కలకత్తాలో పుట్టింది, వారెన్ హేస్టింగ్స్ ఆ పిల్లకు గాడ్‌ఫాదర్. ఎలైజా ఒక ఫ్రెంచి ప్రభువును చేసుకుంది. విప్లవంలో 1794లో అతని తల తీశారు. మూడేళ్ళకు ఆవిడ హెన్రీ ఆస్టిన్‌ను చేసుకుంది. మన లెక్కలో మేనరికం, కాకపోతే పెళ్ళికూతురు పదేళ్ళు పెద్దది. జేన్ పదహారేళ్ళప్పుడు రాసి వదిలేసిన ఒక కథలో, దిక్కులేని అమ్మాయిని బెంగాల్‌కు ఓడెక్కించి తన కంటే రెట్టింపు వయసున్న మనిషికి కట్టబెడతారు. ఆ కథ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

చదువు సంగతి. ఏడేళ్ళప్పుడు అక్కతో పాటు ఆక్స్‌ఫర్డ్‌లో ఒకావిడ దగ్గరకు చదువుకు పంపారు. వాళ్ళంతా సౌతాంప్టన్‌కు మారాక అంటు జ్వరం తగిలి పిల్ల చావు దాకా వెళ్ళొచ్చింది. తీసుకురావడానికి వెళ్ళిన పెద్దమ్మ అదే జ్వరంతో పోయింది. తర్వాత రెడింగ్‌లో కొంతకాలం బోర్డింగ్ స్కూలు. పదకొండేళ్ళకు బడి చదువు ముగిసింది. మిగిలినదంతా తండ్రి పుస్తకాల గది పుణ్యం, అందులో ఐదు వందల పుస్తకాల పైనే ఉండేవి. పన్నెండో ఏట నుంచి రాయడం మొదలుపెట్టి, రాసినవాటిని మూడు నోటుబుక్కుల్లో శుభ్రంగా ఎత్తి రాసి పెట్టుకుంది. అవి ఇప్పటికీ ఉన్నాయి. పదిహేనేళ్ళకు ఒక వెటకారపు ఇంగ్లండు చరిత్ర రాసింది, బొమ్మలు అక్కవి. ఇందులో తేదీలు బాగా తక్కువ అని పాఠకుడికి ముందే హామీ ఇచ్చి మరీ మొదలుపెడుతుంది.

పంతొమ్మిదో పుట్టినరోజుకని తండ్రి 12 షిల్లింగులు పెట్టి ఒక రాతపెట్టె కొన్నాడు. మూత తెరిస్తే ఏటవాలు బల్ల, లోపల కాగితాలకు అర. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1798 అక్టోబరులో ప్రయాణంలో డార్ట్‌ఫర్డ్ సత్రం దగ్గర ఆ పెట్టెను పొరపాటున ఇంకో బండిలోకి ఎక్కించారు. ఆ బండి గ్రేవ్‌జెండ్ రేవుకు పోతోంది, దాన్లోని వాళ్ళు వెస్టిండీస్ వెళ్ళేవాళ్ళు. గుర్రం మీద మనిషిని వెనకే పంపితే రెండు మూడు మైళ్ళ అవతల దొరికింది. అందులో నా యావదాస్తి ఉంది, 7 పౌండ్లు అని అక్కకు రాసింది ఆవిడ. ఆ రోజు ఆ పెట్టెలో ఇంకేమైనా కాగితాలు కూడా ఉన్నాయేమో అనుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పని అవుతుంది. ఎందుకంటే అప్పటికే మూడు నవలల మొదటి రూపాలు ఉన్నాయి, లేదా తయారవుతున్నాయి.

1796-97లో, ఇరవై ఇరవై ఒకటేళ్ళ వయసులో, 'ఫస్ట్ ఇంప్రెషన్స్' అనే నవల పూర్తి చేసింది. 1797 నవంబరు 1న తండ్రి లండన్‌లోని థామస్ కాడెల్ అనే పెద్ద ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. మూడు సంపుటాల నవల ఉంది, సొంత ఖర్చుతో వేసుకోవాలంటే ఎంతవుతుంది, మీరే తీసుకుంటే ఎంతిస్తారు అని. వద్దని తిరుగు టపాలో జవాబు. రాతప్రతిని పంపమని కూడా అడగలేదు. ఆ నవలే పదిహేనేళ్ళ తర్వాత 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అయింది. ఈ మధ్యలో పాత పేరుతో ఇంకొకరి నవల 1800లో వచ్చేసింది కాబట్టి పేరు మార్చక తప్పలేదు.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. 1803లో 'సుసాన్' అనే నవలను బెంజమిన్ క్రాస్బీ అనే ప్రచురణకర్త 10 పౌండ్లకు కొన్నాడు. త్వరలో రాబోతోందని ప్రకటన కూడా వేశాడు. వేయలేదు. ఆరేళ్ళు ఆగి, 1809 ఏప్రిల్‌లో ఆవిడ మిసెస్ ఆష్టన్ డెన్నిస్ అనే మారుపేరుతో నిలదీస్తూ ఉత్తరం రాసింది. సంతకంలో పొడి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో 'పిచ్చి కోపం' అనే మాట వస్తుంది. ప్రతి పోగొట్టుకుని ఉంటే ఇంకొకటి పంపుతాను, వేయకపోతే వేరే చోట వేయించుకుంటాను అంది. ఫలానా తేదీలోగా వేస్తామని మేం రాసివ్వలేదు, వేరే చోట వేస్తే ఆపుతాం, కావాలంటే ఇచ్చిన 10 పౌండ్లు కట్టి తీసుకెళ్ళండి అని జవాబొచ్చింది. ఆ 10 పౌండ్లు ఆవిడ దగ్గర లేవు. తండ్రి ఉన్నప్పుడు ఏడాది మొత్తానికి ఆవిడ చేతి ఖర్చే సుమారు 20 పౌండ్లు. ఆ నవలను విడిపించింది 1816లో. డబ్బు కట్టి ప్రతి చేతికొచ్చాకే, ఇది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' రచయిత్రి రాసిందయ్యా అని హెన్రీ ఆ మనిషికి చెప్పాడట. మేనల్లుడి పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. ఆ 'సుసాన్' నవలే తర్వాత 'నార్తాంగర్ ఆబీ' అయింది.

సరదాకి రాసే మనిషి ఒక పుస్తకం కోసం ఆరేళ్ళ తర్వాత కూడా తగువు పెట్టుకుంటుందా? మీరే ఆలోచించండి.

పెళ్ళి సంగతి చాలామంది అడుగుతారు. టామ్ లెఫ్రాయ్ అనే ఐర్లండు కుర్రాడితో 1795-96 శీతాకాలంలో కొన్ని డాన్సులు, కొన్ని కబుర్లు. ఇద్దరికీ డబ్బు లేదు, అతని వాళ్ళు అతన్ని ఊరి నుంచి పంపేశారు. తర్వాత అతను ఐర్లండుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. సినిమాలు దీన్ని చాలా పెంచాయి, నేను పెంచను. నాకు ముఖ్యమైనది 1802 డిసెంబరు 2. మానీడౌన్ అనే పెద్ద ఎస్టేటుకు వారసుడు, స్నేహితురాళ్ళ తమ్ముడు హారిస్ బిగ్-విదర్, వయసు 21, పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆవిడకు ఇంకో రెండు వారాల్లో 27 నిండుతాయి. సరేనంది. తెల్లారేసరికి కాదని చెప్పి, అక్కతో కలిసి ఆ ఇంటి నుంచి బయల్దేరి వచ్చేసింది. ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంటే తనకే కాదు, అక్కకూ అమ్మానాన్నలకూ జీవితాంతం నీడ దొరికేది. ఏం కాదనుకుందో ఆవిడకు పూర్తిగా తెలుసు. ఏళ్ళ తర్వాత మేనకోడలు ఫ్యానీకి సలహా రాస్తూ, ప్రేమ లేని పెళ్ళి కంటే ఏదైనా భరించవచ్చు అంది. అదే ఫ్యానీకి ఇంకో ఉత్తరంలో, పెళ్ళికాని ఆడవాళ్ళకు పేదరికం పట్టుకునే గుణం ఘోరంగా ఉంటుంది, పెళ్ళి చేసుకోవడానికి అదొక గట్టి కారణం అని కూడా రాసింది. రెండు మాటలూ నిజమే. ఆ రెంటి మధ్య నలిగేదే ఆవిడ ప్రతి నాయిక.

అప్పటికే 1801లో తండ్రి రిటైరై కుటుంబాన్ని బాత్ నగరానికి మార్చాడు. పుస్తకాలు అమ్మేశారు, పియానో అమ్మేశారు. 1805 జనవరి 21న తండ్రి పోయాడు. చర్చి రాబడి ఆయనతోనే ఆగిపోయింది. తల్లి, ఇద్దరు కూతుళ్ళు అన్నదమ్ములు ఏడాదికి తలా ఇంత వేసి ఇచ్చే డబ్బు మీద బతకాల్సి వచ్చింది. అద్దె ఇళ్ళు మారడం, బంధువుల ఇళ్ళల్లో నెలలు గడపడం, ఆ తర్వాత సౌతాంప్టన్‌లో ఫ్రాన్సిస్ సంసారంతో కలిసి ఉండడం. మొదలుపెట్టిన 'ది వాట్సన్స్' అనే నవల మధ్యలో ఆగిపోయింది. అందులోనూ నలుగురు పెళ్ళికాని కూతుళ్ళు, మంచాన పడ్డ పాస్టరు తండ్రి. ఎనిమిదేళ్ళు దాదాపు ఏమీ కొత్తగా పూర్తి కాలేదు. రాయడానికి ఒక ఇల్లు, రోజూ ఒకే కుర్చీ ఎంత అవసరమో ఈ ఎనిమిదేళ్ళు చెబుతాయి.

ఆ ఇల్లు 1809 జులైలో దొరికింది. ఎడ్వర్డ్ తన చాటన్ ఎస్టేటులో ఒక కాటేజీ ఇచ్చాడు. తల్లి, అక్క, స్నేహితురాలు మార్తా లాయిడ్, తను. కిటికీ దగ్గర పన్నెండు పలకల చిన్న వాల్‌నట్ బల్ల. కిర్రుమనే తలుపుకు నూనె వేయనిచ్చేది కాదనీ, ఎవరైనా వస్తే ఆ చప్పుడుకు కాగితాలు దాచేసేదనీ మేనల్లుడు రాశాడు. ప్రతి గైడులోనూ ఇదే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇంటి పనిలో ఆవిడ వంతు పొద్దున తొమ్మిది గంటల టిఫిను, టీ, పంచదార చూసుకోవడం. మిగతా బరువంతా కెసాండ్రా, మార్తా మోశారు. ఈ మనిషికి రాసుకునే సమయం కావాలని ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళూ గుర్తించి ఆ ఏర్పాటు చేశారు.

ఇక అసలు కెరీర్. 1811 నుంచి 1816 దాకా, అంతే.

అప్పట్లో పుస్తకం అచ్చు కావాలంటే ప్రధానంగా రెండు దారులు. కాపీరైట్‌ను ఒక్కసారి అమ్మేయడం ఒకటి. లేదా కమీషన్ పద్ధతి: ఖర్చు, నష్టం రచయితవి, అమ్మకం మీద కమీషన్ ప్రచురణకర్తది. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'ని థామస్ ఎగర్టన్ 1811 అక్టోబరు 30న కమీషన్ మీద తెచ్చాడు. మూడు సంపుటాలు, 15 షిల్లింగులు, రచయిత పేరున్న చోట 'ఒక స్త్రీ రాసినది' అని మాత్రమే. నష్టం వస్తుందనే భయంతో తన కొద్దిపాటి డబ్బులోంచి కొంత తీసి పక్కన పెట్టుకుంది. కీర్తి, డబ్బు పట్టలేదన్న అదే హెన్రీ ఈ మాటా రాశాడు. పుస్తకం 1813 మధ్యకల్లా అమ్ముడుపోయింది, 140 పౌండ్లు మిగిలాయి. అప్పటికి ఆవిడ సముద్రంలో ఉన్న ఫ్రాన్సిస్‌కు రాసిన ఉత్తరం నేను ప్రతి ఏడూ క్లాసులో చదివి వినిపించేవాణ్ణి. రాసి రాసి 250 పౌండ్లదాన్నయ్యాను, దీంతో ఇంకా కావాలనే ఆశ పెరుగుతోంది అంటుంది.

ఆ 250లో మిగిలిన 110 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'వి. ఆ కాపీరైట్‌ను 1812లో ఎగర్టన్‌కు అమ్మేసింది. 150 అడిగింది, 110 వచ్చింది. 1813 జనవరి 28న పుస్తకం వచ్చింది, ధర 18 షిల్లింగులు. లండన్ నుంచి నా బంగారు బిడ్డ వచ్చిందని అక్కకు రాసింది. అదే ఏడు రెండో ముద్రణ పడింది, 1817లో మూడోది. ఆవిడకు ఇంకొక్క పెన్నీ రాలేదు. జీవితంలో ఆవిడ చేసిన వ్యాపారపు తప్పు ఇదొక్కటే. మళ్ళీ ఎప్పుడూ బతికుండగా కాపీరైట్ అమ్మలేదు. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' 1814 మేలో కమీషన్ మీద వచ్చి ఆరు నెలల్లో అయిపోయింది. మూడు వందల పౌండ్లు దాటి వచ్చాయని పండితుల లెక్క, అన్నిటికంటే ఎక్కువ దానికే. అయినా ఎగర్టన్ రెండో ముద్రణకు ముందుకు రాలేదు. ఆ సమయంలో మేనకోడలికి రాసిన మాట: జనం అరువు తెచ్చుకుని చదివి మెచ్చుకోవడానికి సిద్ధం గానీ కొనడానికి కాదు, మెచ్చుకోలు నాకూ ఇష్టమే, డబ్బు కూడా ఇష్టమే. అద్దె లైబ్రరీల నుంచి నవలలు తెచ్చుకుని పెరిగిన మన తరానికి ఈ మాట కొత్తేం కాదు.

హెన్రీ గర్వం పట్టలేక రచయిత్రి తన చెల్లెలని అందరికీ చెప్పేశాడు. అప్పుడూ ఆవిడ పెద్దగా బాధపడలేదు. రహస్యం ఎలాగూ పోయింది, దాన్నుంచి డబ్బైనా రాబడతాను, తెలుసుకున్నందుకు జనం చెల్లించాలి అని ఫ్రాన్సిస్‌కు రాసింది.

1815లో మరో మెట్టు ఎక్కి జాన్ మర్రే దగ్గరకు వెళ్ళింది. బైరన్ కవిని అచ్చు వేసే మనిషి. 'ఎమ్మా', 'మాన్స్‌ఫీల్డ్ పార్క్', 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మూడు కాపీరైట్లకూ కలిపి 450 పౌండ్లు ఇస్తానన్నాడు. దొంగే, కాకపోతే మర్యాదస్తుడైన దొంగ అని అక్కకు రాసి, ఒప్పుకోలేదు. (అంతకు ఏడాది ముందే మరియా ఎడ్జ్‌వర్త్ అనే ఇంకో నవలా రచయిత్రికి ఒక్క నవల మీద 2,100 పౌండ్లు వచ్చాయి.) 'ఎమ్మా' 2,000 ప్రతులు కమీషన్ మీద వేయించింది. దాంతో పాటు 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండో ముద్రణ వేయిస్తే అది నష్టపోయి 'ఎమ్మా' లాభాన్ని తినేసింది. చివరకు 'ఎమ్మా' మీద బతికుండగా చేతికొచ్చింది 39 పౌండ్లకు రెండు షిల్లింగులు తక్కువ. మర్రే మాట తీసుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు చెప్పడం తేలిక. తన పని విలువ తనకు తెలిసిన మనిషి అలాగే చేస్తుంది.

'ఎమ్మా'ను ప్రిన్స్ రీజెంట్‌కు, అంటే రాజు బదులు పాలిస్తున్న యువరాజుకు, అంకితం ఇవ్వాల్సి వచ్చింది. ఆయనంటే ఆవిడకు అసహ్యం. అయినా ఆయన లైబ్రేరియన్, క్లార్క్ అనే ఆయన, అంకితం ఇవ్వవచ్చు అన్నాక అది ఆజ్ఞ కిందే లెక్క. ఆ క్లార్కే కోబర్గ్ రాజవంశం మీద ఒక చారిత్రక ప్రేమకథ రాయమని సలహా ఇచ్చాడు. రాస్తే అమ్ముడుపోతుందని ఆవిడకూ తెలుసు. నా ప్రాణం కాపాడుకోవడానికైతే తప్ప అలాంటిది రాయలేను, నా దారిలోనే నేను పోతాను అని జవాబిచ్చింది. డబ్బు కావాలి గానీ దానికోసం ఏదైనా రాసే మనిషి కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, పెళ్ళిళ్ళ సంగతి. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' రెండో అధ్యాయం తెరవండి. చనిపోతున్న తండ్రికి జాన్ డాష్‌వుడ్ మాట ఇచ్చాడు, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్ళనూ చూసుకుంటానని. తలా వెయ్యి పౌండ్లు, మొత్తం 3,000 ఇద్దామనుకుంటాడు. భార్య ఫ్యానీ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మన బాబు నోటి దగ్గరది తీసి ఇస్తావా అంటుంది. సరే, తలా 500. మళ్ళీ మాటలు. పోనీ, తల్లికి ఏడాదికి 100 చొప్పున బతికినన్నాళ్ళూ ఇద్దామా? అమ్మో, భరణం ఇస్తే మనుషులు చావనే చావరు, మా అమ్మ ముసలి నౌకర్లకు ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయింది. అయితే అప్పుడప్పుడూ ఒక 50? అదీ ఎందుకు, మీ నాన్న ఉద్దేశం డబ్బివ్వమని కాదు, ఇల్లు చూసిపెట్టమనీ, సామాను మార్చడంలో సాయం చేయమనీ, చేపలో వేట మాంసమో దొరికిన రోజుల్లో కాస్త పంపమనీ. నలుగురికీ కలిపి ఏడాదికి 500 ఉన్నాయి, అంత డబ్బేం చేసుకుంటారు, వాళ్ళే మనకివ్వగలరు! ఇంతా అయ్యాక, ఆ ఇంటి పింగాణీ సెట్టు కూడా వాళ్ళకే పోయిందని ఫ్యానీ బాధపడుతుంది. ఒక్కరి గొంతూ పైకి లేవదు, ఒక్క చెడ్డ మాటా రాదు, మూడు వేలు సున్నా అయిపోతుంది. ఆస్తి పంపకాల్లో కూర్చున్న ఏ తెలుగువాడికైనా ఫ్యానీ ఎవరో వెంటనే తెలుస్తుంది. మా క్లాసులో అమ్మాయిలు ఈ అధ్యాయానికి నవ్వి, ఆ తర్వాత నిశ్శబ్దమైపోయేవాళ్ళు. ఈ నవల ఆధారంగా తీసిన తమిళ సినిమా 2000లో 'ప్రియురాలు పిలిచింది' పేరుతో తెలుగులోకి వచ్చింది, మీరు చూసే ఉంటారు. ఇల్లు చేజారిన తల్లీకూతుళ్ళ కథ ఇక్కడికి అంత సులువుగా ఎలా వచ్చిందో ఈ అధ్యాయం చదివితే తెలుస్తుంది.

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో తండ్రికి ఏడాదికి 2,000 పౌండ్ల రాబడి ఉన్నా ఐదుగురు కూతుళ్ళకు ఇల్లు మిగలదు, మగ వారసుడికే పోయేలా రాసి ఉంది. అందరూ ఆ పిల్లల తల్లి మిసెస్ బెన్నెట్‌ను చూసి నవ్వుతారు. కానీ ఆ ఇంట్లో లెక్క తెలిసింది ఆవిడొక్కదానికే. 27 ఏళ్ళ షార్లెట్ లూకస్ తెలిసి తెలిసి ఆ ఇంటికి వారసుడైన మూర్ఖుడు కాలిన్స్‌ను చేసుకుంటుంది. మానీడౌన్‌లో జేన్ కాదన్న దాన్నే షార్లెట్ ఔనంటుంది, రచయిత్రి ఆమెను శిక్షించదు. 'ఎమ్మా'లో మిస్ బేట్స్ ఉంది, పాస్టరు కూతురు, పెళ్ళి కాలేదు, డబ్బు లేదు, ఊరి దయ మీద బతుకుతూ ఆపకుండా మాట్లాడుతుంది. బాక్స్ హిల్ పిక్నిక్‌లో ఎమ్మా ఆమెను ఒక మాట అని నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. ఎమ్మా కుటుంబ స్నేహితుడు మిస్టర్ నైట్లీ కోప్పడేది అందుకే: ఆమె ధనవంతురాలైతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు, ఆమె పేదది, ముందుముందు ఇంకా పేదదవుతుంది అంటాడు. చాటన్‌లో ఆ చిన్న బల్ల దగ్గర కూర్చున్న, పాస్టరు కూతురైన, పెళ్ళికాని మనిషి ఆ వాక్యం రాసింది.

రాతలో ఆవిడ చేసిన కొత్త పని గురించి ఒక మాట, పరీక్షకు కూడా పనికొస్తుంది. రచయిత గొంతులోనే పాత్ర మనసు మాట్లాడడం. 'ఎమ్మా' పదహారో అధ్యాయంలో ఇలా ఉంటుంది: జుట్టు చుట్టడం అయింది, పనిమనిషిని పంపేసింది, ఎమ్మా ఆలోచిస్తూ బాధపడడానికి కూర్చుంది. ఛీ, ఎంత దరిద్రపు వ్యవహారం! ఆ చివరి వాక్యం ఎవరిది? 'అనుకుంది' అన్న మాట లేదు, కొటేషన్లు లేవు. కథకురాలు చెబుతున్నట్టే ఉంది, గొంతు మాత్రం ఎమ్మాది. ఆవిడకు ముందు ఇది అక్కడక్కడా ఉంది, నవల మొత్తాన్ని దాని మీద నడిపింది ఆవిడే. ఎమ్మా తప్పుగా చూస్తే మనమూ తప్పుగానే చూస్తాం, నాలుగొందల పేజీలు మోసపోతాం. రెండోసారి చదివితే అన్ని ఆధారాలూ కళ్ళ ముందే ఉంటాయి. ఇది తీరిక వేళల్లో కుదిరే పని కాదు. రెండంగుళాల ఏనుగుదంతపు ముక్క మీద సన్నటి కుంచెతో ఎంతో శ్రమపడితే కొంచెం ఫలితం అని తన పని గురించి మేనల్లుడికి రాసిందావిడ.

1816 మార్చిలో హెన్రీ బ్యాంకు దివాలా తీసింది. ఎడ్వర్డ్‌కు 20,000 పౌండ్లు పోయాయి. అదే ఏడు ఆవిడ ఆరోగ్యం దెబ్బతింది. ఆ స్థితిలోనే 'పర్స్వేషన్' ముగించింది. జులై 18న పూర్తయిందని తేదీ వేసి, ముగింపు నచ్చక మళ్ళీ రాసింది. కొట్టేసిన ఆ రెండు అధ్యాయాలే, అచ్చయిన నవలల్లో ఆవిడ చేతిరాతలో మనకు మిగిలినవి. 1817 జనవరి 27న 'శాండిటన్' అనే కొత్త నవల మొదలుపెట్టి మార్చి 18న మధ్యలోనే కలం దించింది. ఏప్రిల్‌లో విల్లు రాసింది. దాదాపు అంతా కెసాండ్రాకు, హెన్రీకి 50 పౌండ్లు, ఇంకో 50 హెన్రీ ఇంట్లో పనిచేసిన మదాం బిజాన్ అనే ఫ్రెంచి ముసలావిడకు. బ్యాంకు మునిగినప్పుడు ఆవిడ దాచుకున్న డబ్బూ పోయింది. తను రాసి సంపాదించిన డబ్బులోంచి ఒక పనిమనిషి నష్టాన్ని గుర్తుపెట్టుకుని తీర్చింది. వైద్యం కోసం వించెస్టర్‌లో కాలేజ్ స్ట్రీట్‌లోని 8వ నంబరు ఇంటికి తీసుకెళ్ళారు. జులై 18న తెల్లవారుజామున అక్క ఒళ్ళో తల పెట్టుకుని పోయింది.

బతికుండగా మొత్తం రాబడి ఆరు వందల పౌండ్ల పైన. ప్రభుత్వ బాండ్లలో పెట్టిన 600 కాకుండా నా నవలల లాభం అని శీర్షిక పెట్టి ఆవిడ తన చేత్తో రాసుకున్న చిన్న లెక్కల కాగితం ఒకటి మిగిలింది. వించెస్టర్ కెథీడ్రల్‌లో సమాధి రాయి మీద ఆవిడ దయ, భక్తి, బుద్ధి గురించి ఉంది, నవలల ఊసు లేదు. ఆ మాట గోడ మీద ఇత్తడి పలకలో చేరడానికి 1872 దాకా పట్టింది. నన్నడిగితే ఆ రాయి కంటే ఆ లెక్కల కాగితమే ఆవిడను బాగా చెబుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పేస్తాను. సిలబస్‌లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఉంటే అదే ముందు చదవండి, కానీ చదివేటప్పుడు పౌండ్ల అంకె కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'. 'ఎమ్మా'ను హడావుడిగా చదవొద్దు, పరీక్షలయ్యాక సెలవుల్లో పెట్టుకోండి. 'పర్స్వేషన్'ను మాత్రం కాస్త వయసొచ్చాక ఇంకోసారి చదవండి. ఇరవైలలో ఉన్నప్పుడు నాకది చప్పగా అనిపించింది. నలభై దాటాక అందులో విడిపోయిన ఎనిమిదేళ్ళ తర్వాత నాయకుడు నాయికకు రాసే ఆ ఉత్తరం దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.